తుంగా రాణి రేసు చూసొచ్చినాను

దేవదానం గారికి వందనాలు.

నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటి పదకొండు రోజులు. నలభై రెండేళ్ళ కాపురంలో నీ పేరు నా నోటితో పలకలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, బాగా కూడా ఉంది. నలుగురిలో మీరు అంటిని, వంటింట్లో నువ్వు అంటిని. ఈ జాబు వంటింట్లో కూర్చొని రాస్తున్నా కాబట్టి నువ్వే.

ఒక సంగతి చెప్పాలి. చెప్పకుంటే కడుపు ఉబ్బిపోయేట్టుంది. నేను రేసుకు పోయొచ్చినాను. గుర్రాల రేసుకే. టికెట్ కూడా కొన్నాను.

నవ్వు, నవ్వు... నీ ఇష్టమొచ్చినంత సేపు నవ్వు. నవ్వడం అయినాక మిగతాది విను, ఎందుకంటే అది నవ్వేది కాదు. రేపు నెలలో మొదటి ఆదివారం. బల్లారాధన, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే దినం. నేను రేసుకు పోయిన సంగతి సంఘానికంతా తెలిసిపోయింది. అందరి ముందర లేచి, చేసినదానికి బాధపడుతున్నానని ఒక్క మాట చెప్తే చాలు, రొట్టె ఇస్తాము అని పాస్టరు అయ్యగారు కబురు చేసినారు. చెప్పకపోతే నీకు పట్టిన గతే నాకూ. స్త్రీల సమాజం ప్రెసిడెంటును, ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క బల్లారాధన తప్పనిదాన్ని. ఏం చెప్పాలో నీకు రాస్తే తేలుతుందేమోనని కూర్చున్నాను.

మొదటి నుంచి చెప్తాను.

పోయిన నెల నీ స్నేహితుడు శేషప్ప వచ్చినాడు. కొత్త కారు, ఆ కారు మీద వేలు మందం ఎర్ర దుమ్ము. బళ్ళారిలో ఇప్పుడు దుమ్ము లేని వస్తువు ఏముంది... మన గుడి గోడలు కూడా ఎర్రబారినాయి. సండూరు కొండ తవ్వేకొద్దీ లారీలు, లారీలు తిరిగేకొద్దీ శేషప్ప లాంటివాళ్ళకు డబ్బు. కెంచనగుడ్డలో వరి నాట్లేసుకునే మనిషి, ఖనిజం తోలే లారీలకు ఓనరై, బెంగళూరులో రేసు గుర్రాన్ని కొనేంతవాడు అయినాడు. కానీ నీ పేరెత్తితే మాత్రం ఇంకా లేచి నిలబడతాడు.

ఆ గుర్రం, తుంగా రాణి, పెద్ద రేసులో ఉరుకుతాండాదని చెప్పడానికి వచ్చినాడు. మూడేళ్ళ ఆడ గుర్రాలకు మాత్రమే పెడతారే, ఆ రేసు. ఏటా నువ్వు ఒక్క టికెట్ కొనే రేసు. అక్కా నువ్వు రాకపోతే దేవదానమప్ప నన్ను సుమ్నే వదలడు అన్నాడు. నేను ఛీ అన్నాను. విశ్వాసులం, మాకెందుకప్పా అన్నాను. ఆయన కాఫీ తాగి, తల ఊపుకుంటూ పోయినాడు.

ఆయన పోయినాక నాకు నీ మాటలే చెవుల్లో. "ఆడపిల్లలు ఆడపిల్లలతోనే ఉరికే రేసు రూతూ. జన్మానికి ఒగసారే. మళ్ళా ఏడాదికి వాటికి వయసు దాటిపోతాది." ఆస్పత్రిలో కూడా అదే రంధి నీకు. "నేనుంటానో లేనో. చిన్నమ్మి ఉరికే దినం నువ్వు పోయి ఒగసారి చూడు. నాకింకేం వద్దు."

చిన్నమ్మి. తుంగా రాణికి నువ్వే పెట్టుకున్న ముద్దుపేరు. ముందుకాలు వాచిపోయి, ఇక పనికిరాదని బెంగళూరు నుంచి పంపించేస్తే, దాన్ని కెంచనగుడ్డ ఏటి ఒడ్డున నాలుగు నెలలు సాకినావు. హగరి ఫారంలో ముప్పై ఏళ్ళు ఎద్దుల కాళ్ళు పట్టిన చేతులు కదా నీవి. తెల్లవారగానే తుంగభద్రలో మోకాళ్ళ లోతు నీళ్ళలో దాన్ని నిలబెట్టి, దానితోపాటు నువ్వూ నిలబడి... నీ కాళ్ళకు పొక్కులొచ్చినాయి. ఆ గుర్రానికి చేసిన సేవలో పావలా వంతు నాకు చేసినావా అని కొట్లాడినాను, జ్ఞాపకం ఉందా?

ఆ రోజు నువ్వు అడిగితే సరే అనలేదు నేను. కాదని కూడా అనలేదు. అది ఎనిమిది నెలలుగా గుచ్చుతూనే ఉంది.

మూడో రోజు శేషప్పకు ఫోన్ చేసి, వస్తానన్నాను. సమాజం ఆడవాళ్ళకు చెల్లెలి ఇంటికి పోతున్నానని చెప్పినాను. అబద్ధమే. నోరు తిరగలేదు, అయినా చెప్పినాను.

రేసుకు ముందు రోజే శేషప్ప, ఆయన భార్య గంగమ్మ, నేను కారులో బెంగళూరుకు పోయినాము. రేసు రోజు నేను తెల్ల చీర కట్టి, బైబిలు సంచీ చంకకు తగిలించుకున్నాను. గంగమ్మ పట్టుచీర. అక్కడి ఆడవాళ్ళు పెద్ద పెద్ద టోపీలు, నల్ల కళ్ళజోళ్ళు. నన్ను చూసి ఎవరి పిల్లల ఆయమ్మో అనుకొని ఉంటారు. నాకు భయం లేదు, చెప్తే నమ్ముతావా? ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఒకటే గుబులు, సంతోషంతో వచ్చే గుబులు.

రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగా నడిపిస్తారు కదా, అక్కడ నిలబడినాను. "ఉరికేటప్పుడు అందురూ చూస్తారు. నడిచేటప్పుడు చూడల్ల. నడకలోనే ఉండాది అంతా." నీ మాట పట్టుకొని కాళ్ళే చూసినాను. పది గుర్రాలు. చిన్నమ్మి ఐదో నంబరు. వాచిన కాలు ఏదో కనిపెట్టలేకపోయినాను... ఎంత బాగు చేసినావయ్యా. మిగతావి తల ఎగరేసి బెదురుతుంటే, ఇది మాత్రం ఇంటి ముందు వాకిలి ఊడ్చే పిల్ల మాదిరి నిమ్మళంగా నడుస్తూ ఉంది.

కిటికీ దగ్గరికి పోయి, అయిదో నంబరుకు ఒక టికెట్ ఇయ్యప్పా అన్నాను. గెలుపుకా, ప్లేసుకా అని అడిగినాడు. ప్లేసు అంటే ఏందంటే, రెండో మూడో వచ్చినా పరవాలేదంట. నేను గెలుపుకే అన్నాను. ఆ మాట అంత గట్టిగా ఎట్లా వచ్చిందో నాకే తెలీదు.

గుర్రాలు కదిలినాయి. అవతల పక్క ఎంతో దూరంలో, చీమల బారులాగా. మైకులో ఇంగ్లీషులో గబగబా ఏమేమో చెప్తున్నాడు, నాకు తుంగా రాణి అన్న మాట ఒక్కటే తెలుస్తా ఉంది. ఆరోది, ఆరోది అని శేషప్ప చెప్తున్నాడు... తర్వాత నాలుగోది. మలుపు తిరిగినాయి. అంతే, జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడినారు.

జనమంతా లేచి నిలబడితే మన సంఘంలో ఏం చేస్తాము? నేనూ లేచినాను, చేతులు జోడించినాను, కళ్ళు మూసుకున్నాను, ప్రార్థన మొదలుపెట్టినాను. నలభై ఏళ్ళ అలవాటు. ముందు స్తుతి. తర్వాత కృతజ్ఞత... నీ చేతులకు కృతజ్ఞత, ఏటి నీళ్ళకు కృతజ్ఞత, ఆ పిల్ల కాలికి కృతజ్ఞత. ఆ తర్వాతే కదా విన్నపం. విన్నపం దాకా రాకముందే గంగమ్మ నా భుజం పట్టుకొని ఊపేస్తా ఉంది. కళ్ళు తెరిచేసరికి రేసు అయిపోయింది.

అయిపోయింది. నువ్వు అడిగింది ఒకటే, చూడమని. నేను కళ్ళు మూసుకున్నాను. నా బుద్ధికి ఏం చెయ్యాలి చెప్పు...

ఎవరు గెలిచిందీ ఎవరికీ తెలీదు. రెండు గుర్రాలు కలిసి గీత దాటినాయంట, ఫోటో చూసి చెప్పాలంట. చిన్నమ్మి ఒకటి, వేరేది ఒకటి. శేషప్ప చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. గంగమ్మ హులిగమ్మకు మొక్కుకుంటా ఉంది. నేను మధ్యలో ఆపిన ప్రార్థన ముగించాలో వద్దో తెలీక నిలబడినాను.

బోర్డు మీద నంబరు పడింది. ఐదు కాదు. ముక్కు తేడాతో ఓడిపోయింది, రెండోదిగా వచ్చింది.

శేషప్ప నన్ను టీవీ దగ్గరికి తీసుకుపోయినాడు. అయిపోయిన రేసును మళ్ళా మళ్ళా చూపిస్తారంట. అప్పుడు చూసినాను. మలుపు తిరగ్గానే నీ చిన్నమ్మి పక్కకు జరిగి, దారి చూసుకొని, ఒక్కొక్కదాన్ని దాటుకుంటా వస్తా ఉంది... మెడ చాచింది. చెవులు వెనక్కి పడిపోయినాయి. నాకు తెలియకుండానే అరుస్తున్నాను. రా అమ్మీ, రా, రా. ఫలితం తెలుసు, అయినా అరుస్తున్నాను. మళ్ళా వేసినారు, మళ్ళా అరిచినాను. మూడోసారి గెలుస్తుందేమో అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. గొంతు పోయింది. పక్కనున్న టోపీ ఆడమనిషి నా చెయ్యి పట్టుకొని తనూ గెంతింది.

తర్వాత దాని దగ్గరికి తీసుకుపోయినారు. మెడ మీద చెయ్యి వేసినాను. చెమట, నురగ, వేడి. కెంచనగుడ్డ నుంచి వచ్చిన రోజుల్లో నీ చొక్కాలకు ఉండే వాసన అది. ఉతకలేక చస్తున్నా అని తిట్టేదాన్ని. అక్కడే ఏడ్చినాను, దాచుకోలేదు.

ఇదా నువ్వు ఏటా పోయేది? ఈ నిమిషమున్నర కోసమా? ఒక్కసారైనా నాకు సరిగ్గా చెప్పినావా, చెప్పినా నేను విని ఉంటానా...

మరుసటి రోజు కన్నడ పేపర్లో ఫోటో. పైన 'బళ్ళారి కుదురె' అని పెద్ద అక్షరాలు, మన బళ్ళారి గుర్రమంట. కింద శేషప్ప, పక్కన బైబిలు సంచీతో రెండు చేతులు పైకెత్తి, నోరు ఇంత తెరిచి, నేను. ఆరాధనలో హల్లెలూయ కూడా అంత గట్టిగా చెప్పలేదు కదమ్మా అని పాస్టరమ్మ అడిగింది. ఆమె నవ్వు ఆపుకుంటా ఉందని నాకు తెలుసు.

అయ్యగారు మంచి మనిషి, చిన్నవాడు. ఒక్క మాటే కదమ్మా, బాధపడుతున్నానని చెప్పండి, అయిపోతుంది అన్నారు. పదకొండేళ్ళ కింద అప్పటి పెద్దయ్యగారు కూడా నీతో అంతే అన్నారు. నువ్వేమన్నావు... "తప్పే అయ్యగారూ, ఒప్పుకుంటా. బాధ పడతాండానని మాత్రం యాడ చెప్పేది? పడతాలేనే." మొండివాడని అందరూ అన్నారు. అందరికంటే ఎక్కువ నేనే అన్నాను. దేవుని ముందర అబద్ధం ఆడలేక పదకొండేళ్ళు రొట్టె లేకుండా ఉన్నావని ఇప్పుడు తెలుస్తా ఉంది. ఎందుకంటే నేనూ ఆ మాట చెప్పుకొని చూసినాను, ఈ వారమంతా, పొయ్యి ముందర, పెరట్లో. నోరు రాదు.

ఇంకొకటి ఉంది. పదకొండేళ్ళ కింద నీ బైబిల్లో ఆ రేసు టికెట్ దొరికింది నాకు. తీసుకుపోయి పెద్దయ్యగారి చేతిలో పెట్టింది నేనే. నీకు తెలుసా? తెలిసీ ఊరుకున్నావా? ఒక్కరోజు కూడా అడగలేదే...

సరే, తేలింది. రేపు లేచి ఇట్లా చెప్తాను. చెల్లెలి ఇంటికని అబద్ధం చెప్పినందుకు బాధపడుతున్నాను. టికెట్ కొన్నది తప్పే, ఒప్పుకుంటాను, దానికి బాధ మాత్రం లేదు. నా భర్తను పట్టిచ్చింది నేను. ఆయన బల్ల దగ్గరికి రాకుండానే పోయినాడు. దానికి బాధపడుతున్నాను. ఈ మూడు మాటలూ చెప్పి కూర్చుంటాను.

అట్లా చెప్తే రొట్టె ఇవ్వరు, తెలుసు. పరవాలేదు.

ఆ పదకొండేళ్ళూ ముందు బెంచీలోంచి లేచి బల్ల దగ్గరికి పోయి వస్తుంటిని. అందరూ పోయినాక ఖాళీ అయిన బెంచీల వెనక, ఆఖరి దాంట్లో నువ్వొక్కడివే కూర్చొని ఉండేవాడివి. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నేను. రేపు ఆ ఆఖరి బెంచీలోనే కూర్చుంటాను. రొట్టె పంచేంతసేపూ అక్కడే ఉంటాను, నీ పక్కన. మాట ఇస్తున్నాను.

నీ రూతు