కవితలో తిట్టే ఆడమనిషి

ధర్మపురి

అక్కకు, నీ చెల్లెలు రాధ నమస్కారాలు. మదనపల్లెలో నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఒంటికేం లేదు, బాగానే ఉన్నాను. మనసే మండిపోతోంది. ఫోనులో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

ఈ తమిళ ఊళ్లో ఎండలు మన ఊరికంటే ఎక్కువ. మన సంగటినే వీళ్లు కళి అంటారు కాబట్టి తిండికి లోటు లేదు, ఎవరైనా ఇటు వస్తే చెనక్కాయల పొడి పంపు చాలు. సాయంత్రం గదికి వచ్చాక మాట్లాడే మనిషి లేకపోవడమే కష్టం. అందుకే కాలేజీలో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది. నేను పాఠం చెప్పే ఇంగ్లీషు క్లాసులో మంజుల అని ఒక పిల్ల ఉంది, పాలకోడు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువంతా తమిళంలో సాగింది, తెలుగు అక్షరం రాదు. తండ్రి పోయాడు. తల్లి టమోటా తోటల్లో కూలికి పోతుంది. ఈ పరీక్ష తప్పితే చదువు మాన్పించి తనతో తోటకు తీసుకుపోతానని చెప్పేసిందట.

పాఠంలో ఒక కొత్త కవిత ఉంది. అందులో ఒక ఆడమనిషి మొగుణ్ణి తిడుతూ ఉంటుంది. కుళాయి కట్టెయ్యకుండా పోయావు, చొక్కా కుర్చీ మీదే పడేసి పోయావు, చెప్పనైనా చెప్పలేదు అని. అతను ఒక్క మాటా బదులు పలకడు. చివర్లో ఆ చొక్కాకు దుమ్ము పట్టిందంటుంది. మాట్లాడేది ఎవరు, ఏ స్వరంలో అని ప్రశ్న. గయ్యాళి పెళ్లాం, కోపం అని గైడులో ఉంది. మంజుల మాత్రం, మొగుడు చచ్చిపోయాడు, ఆమె ఏడుస్తోంది అని రాసింది. నేను నిండుగా మార్కులు వేశాను.

మా ఇంగ్లీషు శాఖ హెడ్డు దాన్ని అడ్డంగా కొట్టేశాడు! చచ్చిపోయాడని ఎక్కడుందో చూపించమన్నాడు. దుమ్ము సంగతి చూపించాను. ఇల్లు ఊడవని ఆడదేమో అని నవ్వాడు. ఏం మనిషి అక్కా! ఆయన కవిత చదవనే లేదు, గైడు చదివాడు. ఆ మార్కులు పోయి మంజుల తప్పింది. మళ్లీ రాయమన్నాడు.

నీకెట్లా తెలిసిందే అని పిల్లను అడిగాను.

"మా నాయిన పోయిన దినం మాయమ్మ ఇట్లే తిట్టె మిస్. మేకకు నీళ్లు పెట్టకుండా పోతివే, బిడ్డకు చెప్పకుండా పోతివే అని. మా పక్క ఆడోళ్లు సచ్చినోళ్లను తిట్టేదే ఏడ్చేది. ఎవురికీ నవ్వు రాలా."

పిల్ల రాసిందే సరైనదని నాకు తెలుసు. అయినా పిల్ల చదువు ఆగిపోతుందన్న భయంతో, ఈసారికి గైడులో ఉన్నదే రాసెయ్యమ్మా అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయింది.

మొన్న మళ్లీ పరీక్ష పెట్టారు. మిగతావన్నీ బాగా రాసి పాసైంది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం కాగితం ఖాళీ. నిన్న హెడ్డు దాన్ని క్లాసులో అందరికీ తిప్పి చూపించాడు, ఈ పిల్లకు కవిత అర్థమే కాలేదని.

బయట మంజులను పట్టుకుని, ఎందుకు రాయలేదే అన్నాను.

"మాయమ్మను గయ్యాళి అని నా చేత్తో ఎట్ల రాసేది మిస్?"

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. రేపు నేను హెడ్డు గదిలోకి పోయి మంజుల అన్న ఈ మాట ఆయన ముఖం మీదే చెప్పబోతున్నాను, పెద్దమ్మను దీవించమను.

నీ చెల్లెలు
రాధ