నిలబెట్టిన రాళ్ళు

నాయనమ్మకు,

నీ రోవెనా ముద్దులు పెట్టి రాసేది. ఇక్కడ బతికున్నవాళ్ళం అందరం కులాసా. బాగా లేనిది చచ్చిపోయినవాళ్ళకి. రేవెన్ కనుమ మెరక మీద పడుకున్న మనవాళ్ళ తలల దగ్గరి రాళ్ళు పెరికేశారు నాయనమ్మా. పెరికించినవాడు పార్కు సూపరింటెండెంట్ క్లేటన్ హోల్ట్. కరపత్రమైతే ఈ మాట పెద్ద అక్షరాల్లో అచ్చేసేదాన్ని. నీకు గనక మామూలు అక్షరాల్లో రాశాను. కోపం మాత్రం చల్లారలేదు.

అది చల్లారేదాకా నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను.

చిక్కుడు గింజలు గుడ్ ఫ్రైడే నాడే నాటాం, నువ్వు చెప్పినట్టే. డాగ్‌వుడ్ చెట్లు పూసిన వారం చలి మళ్ళీ తిరిగొచ్చి మొలకల అంచులు మాడ్చింది గాని చంపలేదు. ఎస్టిల్ బాబాయి మోకాలు అలాగే ఉంది. వాన సంగతి రేడియో కంటే తన మోకాలే ముందు చెబుతుందని ఒకటే గొప్పలు. ఎర్రావు నన్ను తప్ప అందర్నీ తన్నుతోంది. "ఒక జాతివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తన్నుకోరులే" అంటాడు బాబాయి. డేటన్‌లో నువ్వుంటున్న అత్తయ్య ఇంటి ముందు రాత్రంతా లారీలు తిరుగుతాయని, కంటి మీద కునుకుండటం లేదని రాశావు. చదివి ఏడుపొచ్చింది. ఇంకా ఆ కాగితాలు పంచుతున్నావా అని అడిగావు. పంచుతున్నాను. బొగ్గు కోసం కొండల నెత్తి కోసేవాళ్ళ మీద మొన్ననే కొత్తది రాశాను. చర్చి కింది గదిలో అచ్చేసుకోమని పాస్టరు గారే అన్నారు. సిరా ఆయన చొక్కాకి అంటించాను గాబట్టి ఇకముందు అంటారో అనరో తెలీదు.

ఇక, రాళ్ళ సంగతి నీకెలా తెలిసిందే అంటావు. నేను లోపలికి వెళ్ళాను నాయనమ్మా. గేటు దాటాను.

సర్కారువాళ్ళు పార్కు కోసం మన నేల తీసుకున్న ఏడు నువ్వు కంచె బయట నిలబడి, "నా నేలకి వాళ్ళు పెట్టిన గేటు నా ప్రాణం ఉండగా దాటను" అన్నావట. అప్పటికి నాకింకా మాటలు రాలేదు. మాటలొచ్చాక ఆ మాటే నాకు బైబిలు. ఎన్ని కరపత్రాల నెత్తిన పెట్టుకున్నానో. పార్కు పేరెత్తితే చాలు మండిపడేదాన్ని. ఒకరోజు బాబాయి గాలం సర్దుకుంటూ అన్నాడు.

"ఏమే అగ్గిపుల్లా, ఆ పార్కుని ఎప్పుడైనా చూశావా?"

"చూడాల్సిన పనేముంది?"

"చూడకుండా తిట్టడానికి నువ్వేమన్నా పాస్టరువా? ఆయనంటే నరకం సంగతి చెప్పాలి, వెళ్ళి చూసి రమ్మనలేం. నీకేం, నా ట్రక్కుంది."

ఆ మాటకి రోషమొచ్చి ఎక్కాను.

తెల్లారుతుండగా కనుమ పైకి చేరాం. కింద లోయ కనపడలేదు. పొంగిన పాలలాగా మంచు అంచుల దాకా నిండి ఉంది. దాని మీద కొండల వీపులు మాత్రం తేలుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, చివరిది కొండో ఆకాశమో తెలియనంత దూరం. తిట్టడానికి వచ్చిన సంగతే మరిచి అంచు దాకా నడిచాను. "ఇదేంటి, అగ్గి తడిసిందా?" అన్నాడు బాబాయి. తరవాత ఆయనా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

పాతకాలంలో మనవాళ్ళు బండ్లని కిందికి దించిన బండ దగ్గరికి తీసుకెళ్ళాడు. నువ్వు చెప్పేదానివి, మనలో మొదట ఇక్కడికి వచ్చిన కెజియా అవ్వ వాళ్ళు కొండ ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ ఏడ్చారని, బండ్లకి తాళ్ళు కట్టి రాతికి మెలేసి చేతుల మీద వదిలారని. కథల్లో తాడంటే కథల్లో తాడే అనుకున్నాను. ఆ బండ అంచున తాళ్ళు కోసిన గాడులున్నాయి నాయనమ్మా. వేళ్ళు పెడితే పిడికిలి దాకా దిగాయి. లోపల అద్దంలా నున్నగా ఉంది. జనపనార తాడు రాతిని కోసిందంటే ఎన్ని బండ్లు దిగాయో, ఎన్ని అరచేతులు ఊడిపోయాయో! షికారుకని లూయీవిల్ నుంచి వచ్చిన ఒకామె, పొద్దుటి నుంచి పిల్లల మీద కేకలేస్తూనే ఉంది, ఆ గాడిలో చెయ్యి పెట్టి పిల్లల్ని మెల్లగా దగ్గరికి పిలిచింది. పిల్లలు కూడా ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పెట్టారు, చర్చిలో వరస కట్టినట్టు.

"ఇది మా వాళ్ళ దారి" అన్నాను ఆమెతో, గొంతు కాస్త పెంచే.

బాబాయి పక్కకి లాగాడు. "మనకంటే ముందు ఈ కొండల్లో ఉన్న షానీ తెగవాళ్ళ దారి. వాళ్ళ కరపత్రం ఎవరు రాశారే?"

ఆ ప్రశ్నని తరవాతి కరపత్రానికని చీటీ మీద రాసుకున్నాను.

అక్కణ్ణించి గుహలాంటి ఆ రాతి చూరు కిందికి వెళ్ళాం. మొదటి చలికాలం మనవాళ్ళందరూ తలదాచుకున్న చోటు. పైకప్పు ఇప్పటికీ మసి నల్లగా ఉంది. వేలితో రాస్తే వేలికి అంటింది. ఆ మసి తుడుచుకోబుద్ధి కాలేదు. ఇల్లు చేరేదాకా ఆ వేలు విడిగా పట్టుకునే ఉన్నాను.

మధ్యాహ్నానికి బాబాయి నాలుగు చేపలు పట్టాడు. పార్కువాళ్ళు చదును చేసి, బాబాయికి కూడా ఆనవాలు చిక్కకుండా మార్చేసి కొత్తగా గుడారాలు వేస్తున్న మెరక మీద వంటకి రాళ్ళతో గుండ్రంగా పొయ్యిలు కట్టి ఉన్నాయి. ఒకదాంట్లో నిప్పు చేసి, చేపలకి మొక్కజొన్న పిండి అద్ది పెనం మీద వేశాడు. నేను ఆకలి మీద ఉన్నాను. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక కళ్ళు పొయ్యి రాయి మీద పడ్డాయి. సగం దాకా నాచు, సగం నుంచి కింద ఎర్రమట్టి మరక. గీత గీసినట్టు. పక్క రాయి చూశాను. దానికీ గీత. అన్నిటికీ గీతే.

"బాబాయ్, ఈ రాళ్ళు నిలబడి ఉండేవి."

ఆయన పెనం పట్టుకునే చూశాడు. చిన్నప్పుడు నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాకు చెప్పిన మాటే ఆయనకీ చెప్పి ఉంటావు. మనవాళ్ళకి పేరు చెక్కించే స్తోమతు లేదు, వాగులో రాయి తెచ్చి నిలబెట్టారు. పడుకున్న రాయి రాయి, నిలబడ్డ రాయి మనిషి. బాబాయి పెనం కింద పెట్టి టోపీ తీశాడు. నేను నీళ్ళ బిందె ఎత్తాను.

"పొయ్యకే! కాలిన రాయి పగులుద్ది!" అని అరిచాడు. పారతో నిప్పులన్నీ లాగి, వాటంతటవే చల్లారేదాకా ఆ రాళ్ళ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఆయనకి నొప్పున్న మోకాలు కూడా వంచే కూర్చున్నాడు.

హోల్ట్ ఆఫీసులోకి నేను ఎలా వెళ్ళానో నీకు చెప్పక్కర్లేదు.

"సమాధి రాళ్ళతో పొయ్యి కట్టారు మీరు! మీ అమ్మగారి రాయి మీద ఎవరన్నా చేపలు వేయించుకుంటే తెలుస్తుంది!"

అతను లేచి నిలబడ్డాడు. చదును నేలల నుంచి వచ్చిన మనిషి. వాళ్ళ ఊళ్ళో శ్మశానమంటే పాలరాయీ పేర్లూ తేదీలూ. "వాటి మీద ఒక్క అక్షరం లేదమ్మాయ్. పొలంలో ఏరి పోసిన రాళ్ళనుకున్నాం. మెరకంతా యంత్రంతో చదును చేయించింది నేనే" అన్నాడు. ముఖం పాలిపోయింది. అది చూసి నా కోపం ఇంకా పెరిగింది, తిట్టడానికి వీల్లేకుండా చేశాడని.

"దీని మీద కరపత్రం వేస్తాను. ఊరూరా పంచుతాను."

"వెయ్యండి, నాకది తగినదే. కానీ కరపత్రం చదివి రాయి తన చోటుకి నడిచి వెళ్ళదు కదా. అక్కడ కార్లు నిలిపే చోటు కోసం శనివారం కంకర లారీ వస్తుంది. ఎవరు ఎక్కడున్నారో చూపిస్తే ఆ చోటు వదిలేస్తాను, రాళ్ళు నేనే నిలబెట్టిస్తాను. తెలియకపోతే మెరకంతా ఆపించే అధికారం నాకు లేదు. చూపించేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ బాబాయి అందుకున్నాడు. "సమాధులకి పూలు పెట్టే మే నెల అలంకరణ పండక్కి మా అమ్మ మమ్మల్ని పిల్లలందర్నీ తీసుకెళ్ళి, ఒక్కొక్క రాయి దగ్గర ఒక్కొక్కణ్ణి నిలబెట్టేదండీ, చచ్చినవాళ్ళకి తోడుగా. నాకు వచ్చింది పొట్టిరాయి, కెజియా అవ్వ పోగొట్టుకున్న పసిబిడ్డది. నా చోటు ఒక్కటే నాకు తెలుసు. అందరి చోట్లూ తెలిసింది ఆమెకే."

నాయనమ్మా, ఇప్పటిదాకా చుట్టూ తిరిగాను. ఇక దాచలేను. ఆ పొద్దున మంచు మీద కొండల్ని చూస్తూ నేనొకటి అనుకున్నాను. వాళ్ళు తీసుకోవడమే మంచిదైంది అనుకున్నాను. మన దగ్గరే ఉండుంటే బొగ్గు కంపెనీకి ఎవడో ఒకడు వేలిముద్ర వేసేవాడు, ఈ కొండకి నెత్తి ఉండేది కాదు అనుకున్నాను. నీ మొక్కజొన్న చేలో ఇప్పుడు పాప్లర్ చెట్లున్నాయి, తల వెనక్కి వంచితే గాని కొనలు కనపడవు. వాటి కింద నిలబడి సంతోషపడ్డాను. నీ కన్నీళ్ళ మీద నిలబడి సంతోషపడ్డానని తెలుసు. అబద్ధం రాయలేను. రాళ్ళు చూశాక కూడా ఆ కొండ మీద మనసు విరగలేదు. నన్ను తిట్టు. కానీ వచ్చి తిట్టు.

గేటు తగలకుండా వాగు వెంట దొడ్డిదారి ఉందని, నీ ఒట్టు చెడకుండా తీసుకొస్తానని బాబాయి అంటున్నాడు. నేను వద్దన్నాను. నీ నేలలోకి నువ్వు దొంగలా రాకూడదు. ఆ ఒట్టు ఎంత గొప్పదో ఊరికి చాటినదాన్ని నేనే, దాన్ని తీసేసి రమ్మని అడిగేదాన్నీ నేనే. నువ్వు రాకపోతే శనివారం సాయంత్రానికి వాళ్ళ మీద కార్లు నిలబడతాయి.

శుక్రవారం అత్తయ్య నిన్ను బస్సు ఎక్కిస్తుంది, బాబాయి వచ్చి దింపుకుంటాడు. మన ఇంటి పేరున్నవాళ్ళందరికీ, పాస్టరు గారికీ కబురు చేశాను. హోల్ట్ కూడా పార పట్టుకుని వస్తానన్నాడు. శనివారం పొద్దున్న ఏడింటికి, లారీ రాకముందే, రేవెన్ కనుమ గేటు దగ్గర అందరం ఉంటాం. నువ్వు వచ్చేదాకా ఒక్కళ్ళం కూడా లోపలికి అడుగు పెట్టం. ముందు నువ్వు దాటు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పు, నిలబడతాం.

ఇట్లు,
నీ కొడుకు కూతురు
రోవెనా