రోడ్డు మీకిచ్చారు, సిగ్నల్ ఇవ్వలేదు

స్థానిక రోడ్ల కార్యాలయం అధికారి గారికి,
మహబూలాలో ఉండే ఒక స్కూలు అమ్మాయి పెట్టుకున్న అర్జీ.

విషయం: మా బిల్డింగ్ ఎదుట రోడ్డు దాటే సిగ్నల్ వెలిగించమని కోరుట గురించి.

అయ్యా,

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపేశాను, నాన్న ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశారు. దీన్ని నా క్లాస్‌మేట్ జకియా అరబిక్‌లోకి మార్చి తమరికి పంపిస్తుంది. వాళ్లది కడప, తెలుగు బాగా వచ్చు.

1. సదరు పెద్ద రోడ్డును దేశం మొత్తం రోడ్లు చూసే ఆఫీసు ఈ వేసవిలో తమరికి అప్పగించింది. అప్పట్నుంచి సిగ్నల్ వెలగడం లేదు. వాళ్లనడిగితే "రోడ్డుతో పాటే ఇచ్చేశాం" అన్నారట. మీవాళ్లేమో "రోడ్డే వచ్చింది, సిగ్నల్ రాలేదు" అన్నారట. స్తంభం ఎక్కడికీ పోలేదు సార్, అక్కడే ఉంది.

2. సిగ్నల్ పోయాక, అవతల బస్సు దిగినవాళ్లంతా చేతులు పట్టుకుని వరసగా దాటేవారు. మూడో అంతస్తులో వంట చేసే చిన్నక్క ముందుండేది. "యల్లా అంటానే ఉరకాల! నడిమధ్యన సెల్లు చూసినారంటే ఈడనే ఇడ్సిపెట్టి పోతా!" అని అరిచేది. మా అమ్మ నర్సు. ఎప్పుడూ చిన్నక్క చెయ్యే పట్టుకునేది. పోయిన వారం కారు గుద్ది చిన్నక్క కాలు విరిగింది. ఇప్పుడు వరస కట్టించేవాళ్లు లేరు. అమ్మ ఒక్కతే దాటుతోంది.

3. జకియా, ఇది వదిలెయ్.

కాదు, రాసెయ్. ఆ పెద్ద ఆఫీసులో అప్పగింత మ్యాపులు గీసింది మా నాన్నే. సిగ్నల్ సరిగ్గా రెండు షీట్లు కలిసే చోట పడి, దేంట్లోకీ రాలేదట. అమ్మతో అంటుంటే విన్నాను.

"వెళ్లి చెప్పెయ్యండి" అంది అమ్మ.

"చెప్తే ఉద్యోగం పోద్ది, ఇఖామా పోద్ది, ఈ దేశంలో ఉండనివ్వరు, ఖలాస్. నువ్వు కాస్త చూసుకుని దాటు."

కావున తప్పెవరిదో విచారించవద్దని ప్రార్థన. లైటు వెలిగించండి, చాలు. మమ్మల్ని పంపించెయ్యొద్దు. ప్లీజ్ సార్. ఇదంతా దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(పేరు రాయలేను)

తలుపు కొడుతున్నారు. నాన్న.

"నిత్యా, తలుపు తియ్యమ్మా. అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. బస్సు ఎప్పుడో వచ్చేసిందంట. నీ కిటికీలోంచి చూడు, అవతలే నిలబడి ఉందేమో..."

ఈ కాగితం పరుపు కింద పెట్టేస్తున్నా