కారి స్వెట్టర్

హూసావిక్

చిట్టితల్లి సోల్రూన్‌ను అమ్మ దీవించి రాయునది. మా గురించి బెంగపడకు, పండగ బాగానే జరిగింది.

క్రిస్మస్‌కి కొత్త ఉన్నిబట్ట లేనివాళ్లను పండగ రాకాసి పిల్లి ఎత్తుకుపోతుందంటారు కదా, చేతి అలవాటుకొద్దీ మీ అన్న కారికి కూడా స్వెట్టర్ అల్లేశాను. చివరి ముడి వేసేటప్పుడుగానీ గుర్తు రాలేదు, వాణ్ణి సముద్రం తీసుకుపోయిందని. ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే నాన్న వచ్చారు.

"ఇటు తేవే! నాకేం అల్లలేదుగా, పిల్లి నోట్లో పడమంటావా?" అని తొడిగేసుకున్నారు. చేతులు పొడుగైతే మడిచాను. వాడు పోయాక మొదటిసారి, పొగబెట్టిన గొర్రెమాంసం మారు అడిగి వేయించుకున్నారు.

నీ దగ్గు తగ్గిందా? నాన్నకని అల్లి దాచిన మేజోళ్లు ఇక బయటికి తీయలేదు. అల్లుడికి పంపుతున్నాను, సరిపోయాయో లేదో రాయి. నాన్నకు మాత్రం చెప్పకు.

మీరిద్దరూ చల్లగా ఉండాలి.

అమ్మ