అడ్డుచెక్కల ఎత్తు

బావమరిదికి,

చివరి రోజు మధ్యాహ్నం మీ అక్క ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆయాసపడుతూనే, "నా తర్వాత వసతిహాలు పని మా తమ్ముడికే ఇస్తారు. చెక్కలు పైకప్పు దాకా లేపేస్తాడు, ఊరుకోకండి" అంది. సాయంత్రం మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి డాక్టరు.

ఇప్పుడు నువ్వు అదే రాశావు. ఇల్లు లేనివాళ్ల వసతిహాల్లో మంచాల మధ్య అడ్డుచెక్కలు పైదాకా పెంచుతానని. జబ్బు మీ అక్కకు అక్కడే అంటిందని నీకు కోపం. నాకూ ఉంది.

మొదట తనూ అలాగే కట్టించింది. మర్నాటికి సగం మంది తిరిగి వీధుల్లోకి వెళ్లిపోయారు. "తలుపు కనబడకపోతే నిద్రెలా పడుతుందే తల్లీ? నువ్వు పడుకో, చూద్దాం!" అని ఒక ముసలావిడ దెప్పింది. మీ అక్క నిజంగానే పడుకుంది. ఒక్కో మంచం మీదా పడుకుని, లేచి కూర్చుని, ఆ కొలతకు చెక్కలు కోయించింది. పడుకుంటే పక్కవాళ్ల ఊపిరి తగలదు, కూర్చుంటే తలుపు కనబడుతుంది. వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. అలా పని చేసే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

రేపు పొద్దున నీ వడ్రంగులు వచ్చేసరికి, తలుపుకు బాగా దూరంగా ఉన్న మంచం మీద పడుకుని ఉంటాను. పక్క మంచం నీకోసం ఖాళీగా ఉంచమని చెబుతాను.

మీ బావ