సున్నా కింద రెండు గీతలు

ఏప్రిల్ 10, మంగళవారం

మా ఎంపీ పోయిన నెలలో పోయాడు పాపం. ఉప ఎన్నిక మే మూడున అని ఇవాళ ఖాయమైంది. నీలం పార్టీ వాళ్ళు అప్పుడే లండన్ నుంచి ఏజెంట్‌ను దింపేశారట. మా పసుపు పార్టీకి ఏజెంట్ ఎవరు? ఇంకెవరు, నేనే. జీతం లేదు, పెట్రోలు డబ్బులు కూడా సరిగ్గా రావు. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఏం చేస్తున్నావు ఆగ్నెస్ అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. ఓడిపోతూ ఉన్నాను.

ఈ ఎస్క్‌బెక్ నియోజకవర్గంలో పసుపు గెలిచింది మా నాన్న చిన్నప్పుడు. ఆ సంగతి ఆయనకీ ఎవరో చెబితే తెలిసిందే.

కానీ ఈసారి నిలబడుతున్నది మురియల్ ఫియరన్. నర్సు. ఈ లోయలో సగం మందిని తన చేతులతో భూమ్మీద పడేసిన మనిషి. కెల్బరీలో ఉన్న మా చిన్న ఆసుపత్రిని మూసేస్తామంటున్నారు. అది మూస్తే నొప్పులొచ్చిన ఆడది కొండ దాటి అవతలి ఊరు పోవాలి, మంచు కురిస్తే అదీ లేదు. మురియల్ ఎక్కడికెళ్ళినా చెప్పేది ఈ ఒక్క మాటే. ఇంకేదైనా మాట్లాడమంటే ఒంటికాలి మీద లేస్తుంది. ఈసారి గెలవాలి. ఈ వయసులో ఇంత ఆశేమిటే నీకు అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 14, శనివారం

ఇంటింటికీ తిరిగాం. గొర్రెలు ఈనే రోజులు. తలుపు కొడితే పలికే దిక్కు లేదు, అందరూ పొలాల్లోనే. మురియల్ తిన్నగా కొట్టంలోకే వెళ్ళిపోతోంది. చేతులు కడుక్కుని, అడ్డం తిరిగిన పిల్లను సర్ది బయటికి తీసి, ఆ తర్వాత ఓటడుగుతోంది. అలా అడిగితే కాదనడానికి ఎవరికైనా మొహం చెల్లుతుందా.

ఒక్క గేటు దగ్గర నేను కారు ఆపలేదు. హై రేక్. మురియల్ నావైపు చూసింది.

అది నేను పుట్టిన ఇల్లు. ఇప్పుడు మా అన్నయ్య ఐజాక్ ఉంటున్నాడు. ఆ ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒక్క పొలమే అడ్డం. మేం మాట్లాడుకుని ఏళ్ళయింది.

రెండు గొర్రెల దగ్గర వచ్చింది తంటా. ఏటా నవంబరులో ఫ్లీస్ పబ్బు వెనక దొడ్లో, కొండ మీద తప్పిపోయిన గొర్రెలన్నిటినీ తెచ్చి ఎవరివి వాళ్ళకి అప్పగిస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు గుర్తు. హై రేక్‌ది మూపు మీద ఎర్ర సున్నా, దాని కింద రెండు గీతలు. ఆ ఏడు రెండు గొర్రెల మీద రంగు సగం వెలిసిపోయి ఉంది. నావేనన్నాడు ఐజాక్. కాదు నావన్నాడు పక్క పొలం విల్ఫ్రెడ్ టైసన్. ఎంతకీ తేలలేదు. చిన్నప్పటినుంచీ గుర్తులు వేసిన చెయ్యి కదా, ఆగ్నెస్‌ను అడగండి అన్నారు ఎవరో. ఊరంతా నా మొహంలోకి చూసింది. నేను ఉన్నిలో వేళ్ళు పెట్టి చూసి, టైసన్‌వే అన్నాను.

మా అన్నయ్య దొంగ కాదు. నిజంగా తనవే అనుకున్నాడు. అందుకే అంత మండింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నేను దారిలో ఎదురైతే గోడకేసి చూస్తూ పోతాడు.

ఏప్రిల్ 18, బుధవారం

కెల్బరీ గొర్రెల సంత. అక్కడి టీ దుకాణంలో కరపత్రాలు పంచాను. ఏం ఆగ్నెస్, ఈసారి ఎంత తేడాతో ఓడుతున్నావని టైసన్ ఎకసెక్కం. నీ పొట్టేలుకి ఇవాళ పలికిన ధరకంటే తక్కువేలే అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

ఆ ఊపులో పంది కథ కూడా చెప్పేశాను. ఒకసారి ఎవడో ఓటు కాగితం మీద నీలం అభ్యర్థి పేరు పక్క గడిలో ఇంటూ గుర్తు పెట్టే బదులు పందిని గీశాడు. తోక కూడా చక్కగా మెలి తిప్పి గీశాడు. ఎన్నికల ఆఫీసరూ ఏజెంట్లమూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు చూశాం. గడి దాటలేదు కాబట్టి చెల్లుతుందన్నాడు ఆఫీసరు. పంది చెల్లింది!

అట్టాంటివన్నీ నీకు చూపిస్తారా అని అడిగాడు టైసన్. చూపించి తీరాలి అన్నాను. మామూలు ఇంటూ అయితే ఎవరూ పట్టించుకోరు, దొంతరలోకి పోతుంది. వింతగా ఉన్నదల్లా ఏజెంట్ల కళ్ళ ముందుకి రావాల్సిందే.

పక్క బల్ల దగ్గర ఐజాక్, నాకు వీపు పెట్టి కూచున్నాడు. నవ్వలేదు. టీ కప్పు మాత్రం సగంలో ఆగింది.

ఏప్రిల్ 21, శనివారం

ఒకటే వాన. తడిసిన కరపత్రాలను మురియల్ పొయ్యి దగ్గర బట్టల్లా ఆరేసింది.

ఏప్రిల్ 26, గురువారం

మురియల్ నాకు చెప్పకుండా హై రేక్ వెళ్ళొచ్చింది. గొర్రెల పనికైతే లోపలికి రా, ఓట్ల పనికైతే గేటు మూసి పో అన్నాడట. ఈమె తక్కువ తిందా, రెండిటికీ వచ్చాను అందట. కరపత్రం తీసుకున్నాడట. అడుగున చిన్నక్షరాల్లో ప్రచురణకర్త అని నా పేరూ నా ఇంటి చిరునామా ఉంటాయి, చట్టం ప్రకారం ఉండాలి. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఇక్కడ ఆగ్నెస్ పేరెందుకుంది అని అడిగాడట. ఆమె లేకపోతే నేనెక్కడ అందట మురియల్.

మరి ఏమన్నాడు అని అడిగాను. మడిచి టోపీలో పెట్టుకున్నాడు అంది. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. పనికిమాలిన కళ్ళు.

మే 3, గురువారం. రాత్రి

పోలింగ్ అయిపోయింది. మా లోయకి బడిలోనే. పసుపు రిబ్బను పెట్టుకుని పొద్దంతా గుమ్మం బయట నిలబడ్డాను. కాళ్ళు కాళ్ళలా లేవు. సాయంత్రం ఐజాక్ వ్యాను వచ్చింది. లోపల చాలాసేపు ఉన్నాడు. ఒక్క ఇంటూకి అంతసేపా. బయటికొస్తూ నన్ను చూశాడు. గోడకేసి కాదు, నన్నే.

మే 4, శుక్రవారం

ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. లెక్కింపులో చూసింది బయటపెట్టనని ఒట్టేసినదాన్ని. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

టౌన్‌హాల్లో పొద్దున్నే మొదలైంది. మధ్యాహ్నానికి రెండు దొంతరలూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. రికౌంట్. మురియల్ కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది, నర్సు అయ్యుండి. రెండోసారి లెక్కించాక మేం ఒక్క ఓటు తక్కువ. తేలని కాగితం ఒకే ఒక్కటి మిగిలింది. అది మాకొస్తే ఇద్దరూ సమానం, అప్పుడు చీటీ తీస్తారు. రాకపోతే ఒక్క ఓటుతో ఓడినట్టు.

ఆఫీసరు హోవార్త్ దాన్ని మా ముందు పెట్టాడు. ఆయనది సముద్రం పక్క ఊరు, గొర్రెలంటే బొమ్మల్లో చూడ్డమే. నీలం ఏజెంట్ జూలియన్ లండన్ కుర్రాడు.

మురియల్ పేరు పక్క గడిలో, పెన్సిల్‌తో, గట్టిగా నొక్కి, సున్నా. దాని కింద రెండు గీతలు.

మా హై రేక్ గుర్తు. ఈ జన్మకి ఇక ఆ మనిషి నాతో మాట్లాడడనుకున్నాను. ఇదిగో, మాట్లాడాడు. అదీ పసుపుకి వేసి. పుట్టినప్పటినుంచీ నీలమే మా అన్నయ్య. అక్కడే ఏడ్చేదాన్ని, పళ్ళ బిగువున ఆపుకున్నాను.

ఇది ఇంటూ కాదు కదా అన్నాడు జూలియన్. కానక్కర్లేదు, ఎవరికి వేశారో తెలుస్తోంది అన్నాడు హోవార్త్. ఒక్క చిక్కేమిటంటే, ఓటరు ఫలానా అని తెలిసిపోయే గుర్తు అయితే చెల్లదు. నాకిది కోడికాలులా ఉంది. మీలో ఎవరికైనా ఇది ఎవరిదో తెలుసా అని అడిగాడు. జూలియన్ పెదవి విరిచాడు.

ఇద్దరూ నావైపు తిరిగారు. కిటికీ దగ్గర్నుంచి మురియల్ కూడా.

తెలియదంటే చాలు. ఒక్క మాట. హాల్లో ఎవరికీ అనుమానం రాదు. ఆసుపత్రి గుర్తొచ్చింది, పొయ్యి దగ్గర ఆరేసిన కాగితాలు గుర్తొచ్చాయి. ఆ ఏడు దొడ్లో నన్ను చూసిన మొహాలూ గుర్తొచ్చాయి. ఆ రోజు అన్నయ్య తలదించుకుని వెళ్ళిపోతే కూడా మాట మార్చలేదు నేను. ఇవాళ నా లాభం కోసం మారిస్తే, ఆ రోజు చెప్పిన నిజం ఏమైపోవాలి? వట్టి కక్షే అయిపోదూ.

తెలుసు అన్నాను. పేరు మాత్రం చెప్పను. మా లోయలో గొర్రెలున్న ఎవరికి చూపినా చెప్పేస్తారు.

హోవార్త్ పెన్ను తీశాడు. ఆ కాగితం మీద చెల్లదని రాశాడు.

ఒక్క ఓటు.

మే 5, శనివారం

మురియల్ వచ్చింది. కూచోమంటే కూచోలేదు. నోరు మూసుకుని ఉండొచ్చుగా ఆగ్నెస్ అంది. నిన్నెవరు అడిగారు అంత నీతి? అడిగారుగా అన్నాను. దాంతో ఇంకా మండింది. వచ్చే చలికాలం కొండ దారిలో ఎవత్తయినా నొప్పులతో ఇరుక్కుంటే నీ నిజాన్ని తీసుకెళ్ళి దానికి కప్పు అని తలుపు ధడాలున వేసి పోయింది.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను అన్నదాంట్లోనూ తప్పు లేదు. మరి ఇంత ఏడుపెందుకొస్తోంది.

మే 8, మంగళవారం

చెల్లని కాగితం సంగతి ఎక్కడ విన్నాడో, ఆ గుర్తు ఎవరిదో చెప్పవే అని టైసన్ మూడుసార్లు తిరిగాడు. నీదే పో అన్నాను.

మే 11, శుక్రవారం

వారపత్రిక వచ్చింది. మొదటి పేజీలో ఫలితం. అడుగున చిన్నక్షరాల్లో, చెల్లని ఓట్లు ఏవి ఎందుకు చెల్లలేదో కూడా వేశారు. ఓటరెవరో తెలిసే గుర్తు ఉన్నవి: ఒకటి.

హై రేక్‌కీ వస్తుంది ఈ పత్రిక. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు మా అన్నయ్య. రెండోసారి కూడా నలుగురిలో నేనే పడగొట్టానని ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది. అన్నం సయించలేదు.

మే 12, శనివారం

వచ్చాడు!

కుండలో మాంసమూ బంగాళాదుంపలూ ఉడుకుతుంటే కిటికీలోంచి కనిపించాడు, పొలానికి అడ్డం పడి నడిచి వస్తున్నాడు. తలుపు తీశాను. టోపీ తీయలేదు. చేతిలో పత్రిక. ముసలాడైపోయాడు, పక్క పొలంలోనే ఉన్నా నేను గమనించనేలేదు.

నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇదీ. పంది చెల్లిందన్నావు కదే, నాదెందుకు చెల్లలేదు అన్నాడు.

పంది ఎవరిదో తెలియలేదుగా అన్నాను.

నువ్వు నోరు తెరవకపోతే నాదీ తెలిసేది కాదుగా?

నాకు తెలుసుగా అన్నాను.

పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాడు. నీతో ఇదే చావు అన్నాడు. అని, నవ్వాడు. నేనూ నవ్వాను, తర్వాత ఏడ్చాను, ఛీ ఊరుకోవే, ఆ కుండ మాడుతోంది చూడు అన్నాడు.

తింటూ అడిగాను, మామూలుగా ఇంటూ వేసి ఉండొచ్చుగా, ఓటైనా దక్కేది అని. మామూలుగా వేస్తే దొంతరలోకి పోతుందన్నావు, ఇక నేను వేశానని నీకెలా తెలుస్తుంది అన్నాడు. నోటితో చెబితే చచ్చినా నమ్మవు. ఆ నర్సు నాకేం చుట్టం? నీ పేరుందని వేశాను.

ఇంకో గరిటె వడ్డించాను. వద్దనలేదు.

మే 16, బుధవారం

ఆసుపత్రి మూయొద్దని మురియల్ సంతకాలు సేకరిస్తోంది. నా ఇంటికి రాలేదు. ఐజాక్ ఆ కాగితం తనే తెచ్చి నా ముందు పెట్టాడు. దీని మీద పేరు రాస్తే చెల్లుతుందా, ముందే చెప్పు అన్నాడు.

మే 19, శనివారం

గొర్రెల్ని కొండ మీదికి తోలేముందు గుర్తులు వేయడానికి రమ్మన్నాడు. వెళ్ళాను. పసుపు రిబ్బను పెట్టుకు తిరిగిన పాత కోటే వేసుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి విప్పితే వీపు మీద ఎర్రగా సున్నా, కింద రెండు గీతలు. ఎప్పుడు వేశాడో. రేపు చర్చికి ఇదే వేసుకెళ్తాను.