తాతయ్య దవడ పన్ను సాక్ష్యం

సఖినేటిపల్లి,
గురువారం పొద్దున్న.

చిరంజీవి శారోన్‌ని మామ్మ ముద్దాడి రాయునది.

ముందు నీ తప్పు దిద్దుతాను, క్షేమ సమాచారాలు తర్వాత. ఆమధ్య ఫోనులో తాతయ్యతో "రూట్ కెనాల్ అంటే నరం పట్టుకుని వేరుదాకా లాగేస్తారట తాతయ్యా" అన్నావు. లాగరు. మీ ఆఫీసులో ఎవరి మామగారో కుర్చీలోంచి లేచి రోడ్డుమీదికి పరిగెత్తారని కూడా చెప్పి పకపకా నవ్వావు. ఈయన స్పీకరు పెట్టుకుని విన్నారు. నవ్వలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను గానీ, తెలియని పాఠం చెప్పకూడదన్న సంగతి సొంత మనవరాలికి నేర్పలేకపోయాను.

ఇక్కడ నేను బాగున్నాను. మీ అమ్మా నాన్నా నీ పిన్ని కాన్పుకని నెల్లూరు వెళ్ళినవాళ్ళు ఇంకా రాలేదు. పెరట్లో పనస కాసిందా అని అడిగావు. కాసింది. కోసేవాళ్ళు లేరు. "ఇంటిల్లిపాదీ కుశలం" అని రాయబోయి కలం ఆపాను. తాతయ్య కుశలంగా లేరు.

"తాతయ్య నా ఫోను ఎత్తడం లేదు, అలిగారా?" అని మెసేజు పెట్టావు. అలగలేదమ్మా. ఆయన నోరు తెరుచుకోవడం లేదు. కుడి దవడ కింద బత్తాయికాయంత వాపు. చెంచా పట్టడం లేదు. గంజి పక్కనుంచి పోస్తుంటే సగం చొక్కా తాగుతోంది. రాత్రినుంచి జ్వరం. నేను ఫోను చేసి చెప్పొచ్చు. చేస్తే ఏడుస్తాను. నా ఏడుపు నువ్వెప్పుడూ వినలేదు, ఇప్పుడు వినిపించి సాధించేది లేదు. అందుకే కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను.

మొదటినుంచీ చెబుతాను. పన్ను పోటు మొదలైనప్పుడు నేనే రాజోలు తీసుకెళ్ళాను. అక్కడ పళ్ళ డాక్టరు కళ్యాణిగారని, నీ ఈడు పిల్ల. ఎక్స్‌రే తీసి, మమ్మల్నిద్దరినీ బెంచీమీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది. మంచి పాఠం. నా స్కూల్లో ఉంటే పదో తరగతి అప్పగించేదాన్ని.

"పన్ను రాయి కాదండీ. లోపల చిన్న గది ఉంటది. నరం, రక్తం అందులోనే. పుచ్చు ఆ గదిదాకా వెళ్ళిపోయింది. మత్తిచ్చి, పైనుంచి చిన్న కన్నం పెట్టి, కుళ్ళిన గుజ్జు తీసేసి, వేళ్ళలో ఉన్న సన్నటి దారులన్నీ కడిగి మూసేస్తాం. పైన తొడుగు వేస్తాం. పన్ను మీదే, వేరూ మీదే. పీకేది ఏమీ లేదండీ."

"ఆయ్," అన్నారు తాతయ్య. ఆయన ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు అనుకుంది పాపం ఆ పిల్ల. నేను కాపురం చేసినదాన్ని కాబట్టి నాకు తెలుసు, అది పారిపోయే ముందు అనే ఆయ్.

నేను ఇంకో ప్రశ్న అడిగాను. "నొప్పి దానంతటదే తగ్గిపోతేనో?"

"అప్పుడే ఎక్కువ భయపడాలండీ మామ్మగారూ. లోపల నరం చచ్చిపోయినా నొప్పి ఆగిపోద్ది. మాత్ర వేసుకున్నా ఆగిపోద్ది. చీము మాత్రం వేరు చివర చేరుతానే ఉంటది."

ఈ మాట గుర్తుపెట్టుకో. నేను గుర్తుపెట్టుకోలేదు కాదు, పెట్టుకున్నాను. అదే నా గోల.

ఇంటికొచ్చాక మందుల చీటీ బైబిలు కింద పెట్టి, "ఉపవాసముండి ప్రార్థన చేసుకుంటాను. ఆదివారందాకా కొబ్బరినీళ్ళు తప్ప ఏదీ ముట్టను, మాత్రలు కూడా ముట్టను" అన్నారు. లెక్కల మేష్టారుగా బతికిన మనిషి, సంఘ పెద్ద, చిన్న సూదికి భయపడి దేవుడి వెనక దాక్కున్నారు. నేను ఆ మాటే అన్నాను. "నీ నోటికి మత్తు ఇంజక్షను చెయ్యమను ముందు" అన్నారు.

అయితే ఆదివారానికి నొప్పి పోయింది. ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి నిలబడి, తెల్ల పంచె సర్దుకుని, ప్రభువు తన పన్నుని ముట్టి బాగు చేసేడని చెప్పారు. గుడంతా హల్లెలూయ అంది. అందరికంటే నా గొంతే పెద్దది. ఆ సాయంత్రమే వెనక వీధి పుష్పలత చెంప పట్టుకుని వచ్చింది. "తాతగారండీ, నా పన్నుకి కూడా ప్రార్థన చెయ్యండి. నేనూ రాజోలు వెళ్ళడం మానేసేనండి" అంది. ఈయన ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమినవే మళ్ళీ తోమాను.

ఎందుకో చెబుతాను. ఇక దాచే ఓపిక లేదు.

ఉపవాసం మొదలైన రాత్రి ఆయన తల గోడకేసి కొట్టుకున్నారు. తట్టుకోలేకపోయాను. పొద్దున్నే నొప్పి మాత్రలు నూరి కొబ్బరినీళ్ళలో కలిపాను. "చేదుగా ఉన్నాయేమే?" అన్నారు. "ఉప్పుటేటి పక్క చెట్టు కాయండీ, ఆ నీళ్ళు అలాగే ఉంటాయి" అన్నాను. ఆదివారందాకా బొండాం బొండాంకీ కలిపాను. చీము తగ్గించే మందు మాత్రం కలపలేదు. అది గొట్టం మాత్ర, విప్పితే గుప్పుమని వాసన, కనిపెట్టేస్తారు. అంటే నొప్పిని నిద్రపుచ్చాను, జబ్బుని మేపాను. డాక్టరు ముందే చెప్పినా చేశాను. సాక్ష్యం చెబుతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టాల్సినదాన్ని, హల్లెలూయ అన్నాను.

వాపు మొదలైన దగ్గర్నుంచి బతిమాలుతున్నాను. ఆయన పళ్ళు బిగబట్టినట్టే ఉంటాయి, వాటి సందులోంచే మాట. "ప్రభువు బాగు చేసేడని నలుగురిలో చెప్పేనే. ఇప్పుడు ఆ కుర్చీలో కూచుంటే ఆయన పరువేం కావాలి?"

"ఆయన పరువు సంగతి ఆయన చూసుకుంటాడు. మీ దవడ సంగతి చూడండి."

వినలేదు. ఈ పొద్దున్న కళ్యాణిగారికి ఫోను చేశాను. వాపు ఎక్కడుందో, నోరెంత తెరుచుకుంటుందో అడిగింది. గొంతు మారిపోయింది ఆ పిల్లకి. "ఇవాళే తీసుకొచ్చెయ్యండి. చీము బయటికి తియ్యాలి, మందు పడాలి. దారులు కడగడం అవన్నీ తర్వాత చూద్దాం. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా నా దగ్గరికి కూడా వద్దు, నేరుగా అమలాపురం పెద్దాసుపత్రికి పరిగెత్తండి. రేపు అనకండి మామ్మగారూ" అంది. శారోనూ, అప్పట్నుంచీ ఆయన గుటక వేసినప్పుడల్లా గొంతుకేసి చూస్తున్నాను. గుటక పడితే బతికాను అనుకుంటున్నాను.

ఇక గత్యంతరం లేక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. నన్ను చూడలేదు. "ఉప్పుటేటి చెట్టు కాయన్నావు కదే" అన్నారు. భుజాలు కదిలాయి. నవ్వో, ఏడుపో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

"ఆటో పిలవనా అండీ?"

"ముందు ఆదివారం గుడిలో నా మాట నేను వెనక్కి తీసుకోవాలి. ఆ పుష్పలత నన్ను నమ్ముకుని కూచుంది. తర్వాత నువ్వు ఎక్కడికంటే అక్కడికి."

"ఆదివారందాకా ఆగితే మీ మాట కాదు, దేవుడు మిమ్మల్నే తీసుకుపోతాడు!" అని అరిచాను. ఎదురింటి కుక్క కూడా మొరగడం ఆపింది. కాళ్ళు పట్టుకున్నాను. నేను. నమ్ముతావో లేదో నీ ఇష్టం. చివరికి ఇవాళే ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టడానికి తల ఊపారు. పన్నెండింటికి పాస్టరుగారూ, పెద్దలూ, పుష్పలతా వస్తారు. అంజిబాబు ఆటో గుమ్మంలోనే ఉంటుంది, ఇంజను ఆపొద్దని చెప్పాను. గుటక ఆగితే కూడికా లేదు, ఏమీ లేదు, మంచంతో సహా ఎక్కించేస్తాను. ఆ సంగతి ఆయనకి కూడా చెప్పాను.

ఇప్పుడు నీ పని. ఆయన మాట ఎవరికీ అర్థం కాదు. నన్ను చదవనివ్వరు. "మాత్ర కలిపిన చెయ్యి నీదే, ఇప్పుడు నోరు కూడా నీదేనా" అని పలక మీద రాసి చూపించారు. నువ్వు చదివితే ఒప్పుకుంటారట. ఆఖరి ఫోటోలో ఉన్నది ఆయన రాసిన కాగితం. "నా నొప్పి తగ్గింది మందు మాత్రల వల్ల. నేను చెప్పిన సాక్ష్యం పొరపాటు. పన్ను నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అని రాశారు. ఎవరు కలిపారో రాయలేదు. రాయండి అంటే గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ మూడు వాక్యాల కింద నీలం సిరాతో నేనొకటి చేర్చాను. అదీ చదువు. చదువుతుంటే ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతారు. మామూలు ఫోనే చెయ్యి, వీడియో పెట్టకు, అప్పుడది నీకు కనిపించదు. పన్నెండు కాకముందే చార్జింగు నింపుకుని, ఆఫీసులో మెట్లమీదికో ఎక్కడికో వెళ్ళి సిగ్నలు చూసుకుని నిలబడు. గట్టిగా చదువు, ఆగకుండా చదువు, మధ్యలో ఏడవకు. పాస్టరుగారికి ప్రార్థన పొట్టిగా చెయ్యమని నువ్వే చెప్పు, నేను చెబితే బాగుండదు. ఆమెన్ వినపడగానే ఫోను పెట్టెయ్. మేం ఆటోలో ఉంటాం.

ఇట్లు,
మీ తాతయ్య ఇంకా క్షమించానని చెప్పని
మీ మామ్మ.